వెనక్కి తీసుకున్న తాళంచెవి

ఆ సందులో కొళాయి కట్టేసి ఎవరూ బయటికి వెళ్ళరు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు తెలియక కట్టేస్తే, పక్కింటివాళ్ళు నాలుగు చీవాట్లు పెట్టి మరీ తిప్పిస్తారు. నీళ్ళు ఏ వేళకు వస్తాయో వదిలేవాడికే తెలియదు, ఇక పట్టుకునేవాళ్ళకేం తెలుస్తుంది? అందుకని కొళాయి బార్లా తిప్పి, కింద ఖాళీ బిందె పెట్టి, ఎవరి పనుల్లో వాళ్ళు పడతారు. నీళ్ళకన్నా ముందు గాలి వస్తుంది, పిల్లి చీదినట్టు. ఆ వెనక మొదటి ధార బిందె అడుగున పడి ఠంగుమంటుంది. ఒక్క ఇంట్లో ఆ చప్పుడు వినబడితే చాలు, సందు సందంతా లేచి పరుగెడుతుంది. తింటున్నవాడు ఎంగిలి చేత్తోనే లేస్తాడు. స్నానం చేస్తున్నవాడు కూడా లేస్తాడని చెప్పవచ్చు గాని, నీళ్ళు రాకముందు అక్కడ స్నానం చేసే మహారాజు ఎవరూ లేరు.

ఇంట్లో మనిషి ఉన్నవాళ్ళకు సరే. తాళం వేసుకుని పనికి వెళ్ళేవాళ్ళ సంగతి? వాళ్ళకోసం తాళాలమ్మ ఉంది. సందు మధ్యలో ఒంటిగా ఉండే ముసలావిడ. అందరి ఇళ్ళ తాళంచెవులూ ఒక తాడుకు గుచ్చి నడుముకు కట్టుకుంటుంది. ఏది ఎవరిదో గుర్తుకు ఒక్కోదానికి ఒక్కో రంగు గుడ్డపీలిక. బిందె మోగగానే బయల్దేరి, తాళం తీయడం, నిండిన బిందె జరిపి డ్రమ్ములోకి పైపు వేయడం, కొళాయి కట్టడం, తాళం వేయడం, పక్కింటికి పోవడం. ఆవిడ నడుస్తుంటే గంటలు కట్టిన ఎద్దు వస్తున్నట్టు ఉంటుందని కుర్రకారు వెక్కిరిస్తారు. కూలి లేదు. మెప్పు కూడా అంతంతమాత్రమే. ఎవరి డ్రమ్మో సగమే నిండితే మాత్రం సాయంత్రానికి ఆవిడ గుమ్మం ముందు పంచాయితీ.

సందు ఎత్తుకు పోతుంది. ఎత్తున చివర ఉన్నది కోడలి ఇల్లు. ఆమెను అందరూ చివరింటి కోడలనే అంటారు, ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే, అత్తా కోడలూ. మధ్యలో ఉండాల్సినవాడు, ఈమెకు మొగుడూ ఆమెకు కొడుకూ అయినవాడు, ఏనాడో కట్టుబడి పనిలో పై అంతస్తునుంచి పడి చనిపోయాడు. అత్త లేని కోడలు ఉత్తమురాలు అంటారు. ఆ సామెత కట్టినవాడు ఆ ఇంటికి వచ్చి చూడలేదు. కొడుకు పోయిన ఏడాదే, "నీ పుట్టింటికి పోతావా?" అని అత్త అడిగింది. "నువ్వెక్కడికి పోతావు?" అని కోడలు అడిగింది. "నేనెక్కడికి పోతానే, నీళ్ళకు పోతాను," అని అత్త బిందె చంకనెత్తుకుంది. అంతే, ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు.

అత్త జన్మంతా నీళ్ళ కిందే పోయింది. సందులో కొళాయిలు లేని రోజుల్లో పెద్దరోడ్డు దాటి, గోదాముల వెనక ఉన్న పంపు దగ్గర నిలబడి మోసుకొచ్చేది. ఆ వరసలో ఆమె ముందో వెనకో నిలబడిన మనిషే తాళాలమ్మ. ఇద్దరూ ఆ వరసలోనే పోట్లాడుకుని, ఆ వరసలోనే కలుసుకుని, ముసలివాళ్ళయ్యారు. ఇంటింటికీ పైపు కావాలని ఆఫీసు మెట్ల మీద కూర్చున్నవాళ్ళలో మొదట కూర్చున్నదీ చివర లేచిందీ అత్తే. కొళాయి బిగించిన రోజున దాన్ని చూసి, "ఇంత పోరాడితే ప్లాస్టిక్‌ది పెట్టారా నా మొహానికి," అని తిట్టి, కొంగుతో తుడిచి, తానే తిప్పింది. ఆనాటినుంచి పొద్దున్నే కొళాయి తిప్పడం ఆమె పని. ఇంకెవరూ ముట్టుకోకూడదు.

తిప్పితే మాత్రం ఏం వచ్చింది? కింది ఇళ్ళన్నీ తాగగా మిగిలిందే చివరింటికి. దారమంత ధార. అది కూడా ఎత్తుకు ఎక్కదని గదిలో ఒక మూల గుంట తవ్వి, కొళాయిని నేలకు ఆనించినట్టు దించి, బిందెను గుంటలో పెట్టారు. ఇంకో తమాషా ఏమిటంటే, సందులో రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదే కొత్తది పోసి పోసి, రోడ్డు లేచింది, ఇల్లు దిగిపోయింది. లోపలికి రావాలంటే మెట్టు దిగినట్టు దిగాలి. వానొస్తే మురిక్కాలువ పొంగి గదిలోకి వచ్చేది. రెండు వానలు ఓర్చుకుని, మూడో వానకు కోడలే ఇటుకలు మోసుకొచ్చి, సిమెంటు కలిపి, గడప మీద మోకాలెత్తు అడ్డుగట్టు కట్టింది. మూలనున్న తూముకు గుడ్డలు కుక్కి ఇటుకరాయి అడ్డం పెట్టింది. బయటి నీళ్ళు లోపలికి రాకూడదు, అదే ఆమె ధ్యాస. లోపలి నీళ్ళు బయటికి పోవాల్సిన రోజు వస్తుందని ఆ ఇంట్లో ఎవరికి తోస్తుంది?

పక్షవాతం వచ్చి అత్తకు కుడివైపు పడిపోయింది. మాట పోయింది. సందు మొత్తాన్ని ఒక్క కేకతో నిలబెట్టిన నోరు అది. ఇప్పుడు ఎడమ చెయ్యీ, రెండు కళ్ళూ మిగిలాయి. కోడలు మంచాన్ని కొళాయి కనిపించేలా వేసింది. పొద్దున్నే అత్త ఎడమ చేత్తో కొళాయి వైపు చూపిస్తుంది, కోడలు తిప్పుతుంది. తర్వాత అత్తకు కడిగి, తుడిచి, తినిపించి, తాళం వేసి, చెవి తాళాలమ్మకు ఇచ్చి లాండ్రీకి వెళ్తుంది. సాయంత్రం వచ్చేసరికి అత్త శుభ్రంగా, పొద్దున్న పడుకోబెట్టినట్టే ఉండేది. ఒక మనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎలా ఉగ్గబట్టుకుని ఉంటుందన్న ఆలోచన కోడలికి రాలేదు. వస్తే పని మానాలి, మానితే పొయ్యి వెలగదు. కొన్ని ఆలోచనలు అందుకే గడప దగ్గరే ఆగిపోతాయి.

ఆమెకు వచ్చిన ఆలోచన వేరు. డ్రమ్ములో నీళ్ళు తగ్గుతున్నాయి. నీళ్ళు వచ్చిన రోజు సంగతి సరే, రాని రోజున కూడా పొద్దున్న చూసినదానికీ సాయంత్రం చూసినదానికీ తేడా ఉంటోంది. డ్రమ్ము లోపల బొగ్గుతో గీత గీసి చూసింది. సాయంత్రానికి నీళ్ళు గీతకు జానెడు కిందికి దిగాయి. మర్నాడూ అంతే.

"తాళాలన్నీ ఆవిడ దగ్గరే ఉంటే ఇంక అడిగేదెవరు?" అంది ఎదురింటి కుట్టుమిషనావిడ, నోట్లో దారం కొరుకుతూ. "నేను మాత్రం ఏమీ అనడం లేదమ్మా. చూసినదాన్ని కాదు."

ఏమీ అనను అంటూ అనే మాట ఉందే, అది చేసేంత చెరుపు తిట్టు కూడా చేయదు. అనుమానం పెనుభూతమై కోడలి నెత్తికెక్కింది. సెలవు రోజున తాళాలమ్మ ఏదో పలకరించడానికి గడప దాకా వచ్చినప్పుడు, సందులో నలుగురూ ఉండగానే అడిగేసింది.

"పెద్దమ్మా, ఒక మాట అడుగుతాను. కోపం తెచ్చుకోకు."

"అడక్కముందే కోపమేంటే. అడుగు."

"మా డ్రమ్ములో నీళ్ళు రోజూ తగ్గుతున్నాయి."

"తగ్గవా మరి? ఎండలు అలా ఉన్నాయి."

"మూత పెట్టిన డ్రమ్ములో జానెడు నీళ్ళు ఎండకు పోతాయా?"

తాళాలమ్మ జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. తెరిచి, కోడలి భుజం మీదుగా లోపలికి చూసింది. మంచం మీద అత్త ఎడమ చెయ్యి దుప్పటి అంచును గుప్పిట్లో నలిపేస్తోంది. కళ్ళు తాళాలమ్మ మీదే ఉన్నాయి. తాళాలమ్మ నోరు మూసుకుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఇక్కడ పడేది తన కాళ్ళ మీద కూడా కాదు.

"నేనే తీసుకున్నాను," అంది.

"ఏం చేశావు?"

"తాగాను."

"జానెడు నీళ్ళు తాగావా? ఏనుగువా నువ్వు?"

అరుగుల మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వుతో కోడలి నోటికి పట్టపగ్గాలు లేకుండా పోయాయి. "కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోను పెద్దమ్మా? చుక్క చుక్క కూడబెట్టుకున్న నీళ్ళు. మంచాన పడిన మనిషి ఉన్న ఇంట్లో దొంగతనానికి నీకు చేతులెలా వచ్చాయి?"

మంచం మీదినుంచి అత్త గొంతులో ఏదో మూలుగు వచ్చింది. అత్త కూడా మండిపడుతోందనుకుంది కోడలు. తాళాలమ్మ నడుము తాడు విప్పి, ఎర్ర పీలిక ఉన్న తాళంచెవి తీసి, కోడలి చేతికివ్వకుండా అడ్డుగట్టు మీద పెట్టింది.

"ఇదిగో నీ తాళం. నీ గడప మళ్ళీ తొక్కితే అడుగు," అని వెళ్ళిపోయింది. ఒక తాళంచెవి తగ్గినంత మాత్రాన ఆ గలగల ఏమీ తగ్గలేదు.

మర్నాడు సాయంత్రం కోడలు లాండ్రీనుంచి వచ్చి తలుపు తీసేసరికి వాసన మొహానికి కొట్టింది. అత్త మంచం మీదినుంచి సగం జారి, గోడవైపు తిరిగి ఉంది. పరుపు తడిసి ముద్దయింది. కోడలు పిలిస్తే అత్త ఇటు తిరగలేదు. కళ్ళు గట్టిగా మూసుకుంది. బతికినన్నాళ్ళూ ఎవరి ముందూ తల దించని మనిషి సిగ్గుతో అలా గోడకు అతుక్కుపోతే చూడడం ఎంత కష్టమో చూసినవాళ్ళకే తెలుస్తుంది. "ఏం ఫర్వాలేదు అత్తయ్యా, ఏం ఫర్వాలేదు," అంటూనే కోడలు ఏడ్చింది. ఏడుస్తూనే కడిగింది. బట్టలు ఉతికింది, నేల తుడిచింది. అంతా అయ్యాక చెంబు డ్రమ్ములో వేయబోయి ఆగిపోయింది.

పొద్దున్న బొగ్గు గీత దాకా ఉన్న నీళ్ళు ఇప్పుడు జానెడు కిందున్నాయి.

కోడలు అక్కడే చతికిలబడింది. ఎవరో చెప్పాల్సిన పని లేకుండానే మొత్తం అర్థమైంది. కొళాయి చూసే నెపంతో మధ్యాహ్నం తాళాలమ్మ వచ్చేది. తన సావాసగత్తెను కడిగేది, బట్టలు ఉతికి ఆరేసేది, కోడలికి అనుమానం రాకుండా మళ్ళీ కట్టేది. ఆ సంగతి మూడోమనిషికి తెలియకూడదని ఇద్దరు ముసలివాళ్ళ మధ్య ఒప్పందం, ఒకావిడ నోటితో, ఇంకొకావిడ కళ్ళతో. నలుగురి ముందూ దొంగ అనిపించుకుంది గాని, ఆ ఒప్పందం మాత్రం తప్పలేదు.

"పెద్దమ్మేనా అత్తయ్యా? రోజూ పెద్దమ్మేనా?"

అత్త కళ్ళు తెరిచింది. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి.

పొద్దున్నే వెళ్ళి కాళ్ళు పట్టుకోవాలనుకుంది కోడలు. పొద్దున్న పరుపు ఇంకా ఆరలేదు. ఒట్టి చెక్కమంచం మీద పడుకోబెడితే పుండ్లు పడతాయి, మళ్ళీ జారితే ఎముకలు విరుగుతాయి. అందుకని మంచాన్ని గోడకు నిలబెట్టి, నేల మీద ప్లాస్టిక్ పట్టా, దాని మీద మెత్తగా పాత చీరలు పరిచి, అత్తను కింద పడుకోబెట్టింది. అత్త ఎప్పటిలాగే ఎడమ చేత్తో కొళాయి చూపించింది. కోడలు బార్లా తిప్పి, గుంటలో ఖాళీ బిందె పెట్టింది. చూసేవాళ్ళు లేరు కదా, కట్టేసి పోదామా అని అనుకోనైనా లేదు. ఆ ఇంట్లో బిందె పొర్లింది ఎన్నడు? సాయంత్రానికి సగం బిందె దొరికితే అదే భాగ్యం.

తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని తాళాలమ్మ ఇంటికి నడిచింది. తాళాలమ్మ గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. పక్కనే కుట్టుమిషనావిడ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. కోడలిని చూసి తాళాలమ్మ తల చేటలోకి దించుకుంది. కుట్టుమిషనావిడ మాత్రం కళ్ళింత చేసుకుని చూసింది, తమాషా మొదలవుతుందని. కోడలి కాళ్ళు ఆగిపోయాయి. తప్పయిందని చెప్పాలంటే ఏం తప్పో చెప్పాలి. అది చెప్పాలంటే అత్త పరువు ఈ అరుగు మీద పరవాలి. మొన్న పెద్దమ్మ ఏది దాచిందో ఈ రోజు తాను దాన్నే బయటపెట్టాలి. సాయంత్రం, ఒంటిగా ఉన్నప్పుడు వద్దామనుకుని, తాళంచెవి రవికెలో దోపుకుని వెళ్ళిపోయింది.

ఏమీ చెప్పనక్కర్లేదు. "పెద్దమ్మా, ఇదిగో తాళం," అంటే చాలు, ఆ ముసలావిడ చెయ్యి చాపేది. ఆ సందులో నీళ్ళకు కరువుందని అందరికీ తెలుసు. ఆ పూట ఒక్క మాటకు కూడా కరువొచ్చింది.

లాండ్రీలో హోటళ్ళ దుప్పట్లూ ఆసుపత్రి దుప్పట్లూ వేరువేరుగా కుప్పలు పోసి ఉంటాయి. కోడలి పని ఉతికే యంత్రాల్లోంచి తడి దుప్పట్లు లాగి, నీళ్ళ తొట్టెలో జాడించి, పిండే యంత్రానికి అందించడం. చేతికింద అంత నీళ్ళు పారుతుంటే మొదట్లో ఆమెకు ప్రాణం గిలగిలలాడేది. తర్వాత అలవాటైంది. మిఠాయి కొట్లో పనిచేసేవాడికి తీపి కనిపించనట్టు.

ఆ రోజు మధ్యాహ్నం కాకముందే తొట్టెలోకి వచ్చే ధార సన్నబడింది. కాసేపటికి ఆగిపోయింది. యంత్రాలు ఒట్టిగా గురగురమని నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాయి. మేస్త్రీ వాల్వుల చుట్టూ కాలుకాలిన పిల్లిలా తిరిగాడు.

"ఎవరూ కదలకండి. నీళ్ళు ఏ క్షణానైనా వస్తాయి," అన్నాడు.

"వస్తే బిందె మోగుతుందిలే, మాకు వినబడుతుంది," అంది ఇస్త్రీ పిల్ల. అందరూ నవ్వారు. కోడలు కూడా నవ్వింది. దుప్పట్ల మూటకు ఆనుకుని కాళ్ళు బారజాపింది. పనిలో చేరాక పట్టపగలు అలా కాళ్ళు జాపడం ఆమెకు అదే మొదలు. కాస్త కునుకు కూడా పట్టింది. ఆ కునుకును ఆమె జన్మంతా క్షమించుకోలేదు.

మాసిన బట్టల వ్యాను వచ్చిన చప్పుడుకు లేచింది. డ్రైవరు దిగుతూనే, "ఇక్కడ నీళ్ళు లేవా? ఉండవు మరి. ఇటు కట్టేసి అన్నీ అటు తిప్పారు," అన్నాడు.

"ఎటు?"

"మీ ఎత్తు సందుల వైపే. కొత్త ట్యాంకు కట్టారు కదా, ఎవరో పెద్దమనుషులు చూడ్డానికి వచ్చారట. చివరి ఇంటికి కూడా అందుతున్నాయని చూపించాలి కదా. పొద్దున్నుంచి ఒకటే వదలడం. పిల్లలు రోడ్డు మీదే స్నానాలు చేస్తున్నారు. మీ సందు ఇప్పుడు పెళ్ళివారిల్లే అనుకో."

కోడలి మొహం విప్పారింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఇన్నాళ్ళూ ఏడ్చారు. పూజారి కూడా కరిగాడన్నమాట. "మా అత్త చూస్తుంది," అంది ఇస్త్రీ పిల్లతో. "ఇన్నేళ్ళకు మా ఇంట్లో బిందె నిండడం కళ్ళారా చూస్తుంది."

బిందె నిండుతుంది. నిండి పొర్లుతుంది. పొర్లితే గుంట నిండుతుంది. తర్వాత నేల మీదికి వస్తుంది. అటు తూము మూసి ఉంది. ఇటు అడ్డుగట్టు ఉంది. తాళం ఉంది. రవికెలో గుచ్చుకుంటున్న తాళంచెవి మీద చెయ్యి పడింది. మంచం గోడకు నిలబెట్టి ఉంది.

ఆమె ఎలా లేచిందో చూసినవాళ్ళు తర్వాత చెప్పుకున్నారు. మేస్త్రీ, "ఎక్కడికి? నీళ్ళొస్తే ఎవరు చూస్తారు?" అని అరిచాడు. వినబడలేదు. చెప్పులు కూడా వేసుకోలేదు. "అన్నా, పోనియ్యి, పోనియ్యి," అంటూ వ్యాన్ ఎక్కేసింది. ఏం జరిగిందని అడగకుండానే డ్రైవరు బండి తిప్పాడు.

సందు మొదట్లోనే సబ్బు నురగ కాళ్ళకు తగిలింది. ఇంటింటి ముందూ ఉతికిన బట్టలు, తోమిన గిన్నెలు, తలంటుకున్న ఆడవాళ్ళు. "చివరింటి కోడలా, ఈ రోజు మీ ఇంటికీ అందాయే!" అని ఎవరో సంతోషంగా కేక వేశారు. ఎత్తెక్కుతుంటే పైనుంచి చప్పుడు వినబడింది. బిందె మోత కాదు. రాయితో ఇనుమును కొడుతున్న చప్పుడు.

తాళాలమ్మ పొత్రం రెండు చేతులా ఎత్తి తాళాన్ని కొడుతోంది. వేళ్ళు చితికి నెత్తురు కారుతోంది. నడుముకు తాళంచెవులు ఎగిరెగిరి పడుతున్నాయి. అన్ని తాళాలున్నాయి, ఈ ఒక్కటే లేదు.

కుట్టుమిషనావిడ పక్కన నిలబడి ఏడుపు గొంతుతో చెబుతూనే ఉంది. "నేనే వద్దన్నానమ్మా. లోపల పొర్లుతోంది, పగలగొడదామని పెద్దమ్మ అంటూనే ఉంది. ముసలావిడ మంచం మీదే కదా ఉంది, నేల తడిస్తే ఏమైందన్నాను. పగలగొడితే రేపు దాన్ని కూడా దొంగతనమే అంటుందన్నాను. ఇంతలో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. తాళమేమో వేసే ఉంది. మరి కొళాయి ఎవరు కట్టారని పెద్దమ్మ రాయి తెచ్చింది..."

కోడలు తాళం తీసింది. తలుపు ఓ పట్టాన తెరుచుకోలేదు, లోపలినుంచి నీళ్ళు నెట్టాయి. గది గది కాదు, తొట్టి. అడ్డుగట్టు అంచుదాకా నీళ్ళు నిండి, ఒక్క చుక్క కూడా బయటికి పోకుండా నిలబడి ఉన్నాయి. కోడలు అంత గట్టిగా కట్టింది మరి. డ్రమ్ము మూత, చెప్పులు, పాత చీరలు తేలుతున్నాయి. పట్టా మీద అత్త లేదు.

కొళాయి గుంట దగ్గర ఉంది. ఆ ఒక్క చేత్తో, పడిపోయిన సగం ఒళ్ళు ఈడ్చుకుంటూ గదికి ఆ చివరినుంచి ఈ చివరికి పాకింది. కొళాయి కట్టేసింది. కట్టేశాక వెనక్కి పాకే సత్తువ మిగలలేదు. తల గుంటలో ఉంది. ఎడమ చెయ్యి ఇంకా కొళాయి మీదే ఉంది.

ప్రాణం కాపాడుకోవడానికి పాకిందని అందరూ అన్నారు. కోడలు అలా అనుకోలేదు. ప్రాణం కోసమైతే గుమ్మం వైపు పాకేది, గోడకు నిలబెట్టిన మంచం వైపు పాకేది. జన్మంతా నీళ్ళు మోసిన మనిషి. కళ్ళ ముందు నీళ్ళు వృథాగా పోతుంటే ఊరుకోలేకపోయింది.

తాళాలమ్మ నీళ్ళలోకి దిగి అత్త తలను ఒళ్ళోకి తీసుకుంది. ఎంతసేపటికీ ఇవ్వలేదు. "నీ గడప తొక్కనన్నానే," అంది. కోడలితో అందో, అత్తతో అందో తెలియదు. కోడలు ఆ చితికిన చెయ్యి పట్టుకుని, "నాకు నిన్నే తెలిసింది పెద్దమ్మా," అంది. "పొద్దున్న చెబుదామనే వచ్చాను." తాళాలమ్మ తలెత్తి చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత గదిలో నీళ్ళు తోడారు. ఆ నీళ్ళను కూడా ఎవరూ పారబోయలేదు. అనుకుని చేసింది కాదు. మొదటి బకెట్టు నింపినవాడు కాలువ దాకా వెళ్ళి, పోయడానికి చెయ్యి రాక నిలబడ్డాడు. మట్టి తేరుకుంటే నేల కడగడానికి పనికొస్తాయని ఎవరో అన్నారు. ఒకరి వెనక ఒకరు, తలలు వంచుకుని, మాట్లాడకుండా ఎవరి బకెట్టులో వాళ్ళు పట్టుకుపోయారు. కోడలు గోడకు ఆనుకుని చూస్తూ కూర్చుంది. అందులో ఆమెకు తప్పేమీ కనిపించలేదు. అత్త ఉంటే ఆమే దగ్గరుండి పోయించేది.

పెద్దమనుషులు వచ్చారు, సందు మొదట్లోనే ఒక కొళాయి చూశారు, వెళ్ళిపోయారు. ఆ సాయంత్రమే వాల్వు మళ్ళీ అటు తిప్పేశారు. అన్ని కొళాయిలూ ఎండిపోయాయి. నింపుకున్న డ్రమ్ములు ఒక్కొక్కటే అడుగంటాయి. లాండ్రీనుంచి మేస్త్రీ కబురు పెట్టాడు, వస్తావా, ఇంకొకరిని పెట్టుకోనా అని.

పనికి వెళ్ళే రోజు పొద్దున్న కోడలు కొళాయి దగ్గర కూర్చుంది. గుంటలో ఖాళీ బిందె పెట్టింది. కొళాయి తిప్పబోతే తిరగలేదు. మళ్ళీ ప్రయత్నించింది. కదల్లేదు. ఎడమ చేత్తో, ఆ వయసులో, ఆ ఒంటితో అత్త దాన్ని అంత గట్టిగా బిగించింది. కోడలు రెండు చేతులూ వేసి, పళ్ళు బిగబట్టి, ఏడుస్తూ తిప్పింది. అందులోంచి గాలి కూడా రాలేదు.

తాళం వేసి సందు దిగింది. తాళాలమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. పక్కన కుట్టుమిషనావిడ, ఇంకా నలుగురు. కోడలు ఈసారి ఆగలేదు. అందరి ముందూ నిలబడి చెయ్యి చాపింది.

"పెద్దమ్మా, ఇదిగో తాళం."

తాళాలమ్మ ఎర్ర పీలిక వైపు చూసింది.

"ఇంట్లో ఇంకెవరున్నారే నేను చూడ్డానికి?"

"బిందె ఉంది పెద్దమ్మా," అంది కోడలు.

తాళాలమ్మ కట్టు కట్టిన చేత్తో తాళంచెవి అందుకుని, తాడుకు గుచ్చి నడుముకు కట్టుకుంది.